తుపాకీ కంటికి ట్యూబు తొడుగు

నవంబరు నెల దగ్గర పడిందంటే మన వాళ్ళ ఇళ్ళల్లో జరిగే విందుల్లో మాకొక ప్రశ్న తప్పదు. "ఏమండోయ్, ఈ ఏడు కూడా అడవికి వెడుతున్నారా? ఒకరు గుడ్డు కూడా ముట్టని ఇంట్లో ఈ వేట ఏమిటండీ, చోద్యం కాకపోతే!" అని ఎవరో ఒకరు అడుగుతారు. మేము నవ్వి, ఇంకో గారె వడ్డించి, మాట మార్చేస్తూ వచ్చాం. కాని ఈ మధ్య రెండు మూడు కుటుంబాల వాళ్ళు ఇంకో రకంగా అడిగారు. వాళ్ళ పిల్లలు స్కూలు స్నేహితులతో కలిసి వేట నేర్చుకుంటున్నారట. కిందటేడు అడవిలో మంచు పడి తుపాకీ మీది స్కోపు తడిసి, రోజంతా కూర్చున్నా ఏమీ కనపడక తిరిగి వచ్చారట. "మీరేదో ట్యూబు ముక్కతో తొడుగు కుట్టారట గదా, అదెలాగో కాస్త చెప్పండి" అన్నారు. నోటితో చెబితే సగం దారిలోనే మరిచిపోతారు. అందుకని సంపాదకుల అనుమతితో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాం.

మేము అంటే భార్యాభర్తలం ఇద్దరం. ఒకరం తుపాకీ పడతాం, ఒకరం కత్తెరా సూదీ పడతాం. అడవికి మాత్రం ఇద్దరం వెడతాం. ఎవరు ఏ పని చేశారో విడదీసి చెప్పకుండా 'మేము' అనే వ్రాస్తాం, పాఠకులు సర్దుకోవాలి.

మిషిగన్‌లో తుపాకీతో జింకల వేట ఏటా నవంబరు 15న మొదలై 30తో ముగుస్తుంది. 1925 నుంచీ మొదటి రోజు పదిహేనో తేదీయే. అది ఆదివారమైనా, పనిరోజైనా మార్పు లేదు. కొన్ని ఊళ్ళలో ఆ రోజు బడులకు సెలవు. మనకి సంక్రాంతి ఎలాగో ఇక్కడి పల్లెల్లో పదిహేనో తేదీ అలాగ. ముందు రోజు సాయంత్రం చూస్తే ఉత్తరానికి పోయే రోడ్ల నిండా నారింజ రంగు టోపీలే. మేము మాకినా వంతెన దాటి పైకి పోతాం. ఐదు మైళ్ళ ఆ వంతెన 1957 నవంబరు 1న తెరిచారు. అంతకు ముందు వేటగాళ్ళు కార్లతో సహా పడవ కోసం గంటల తరబడి కాచుకునేవారట. వంతెన అవతలి ప్రాంతాన్ని అప్పర్ పెనిన్సులా అంటారు, వాడుకలో 'యూపీ'. మొదటిసారి "యూపీకి వెడుతున్నాం" అని ఇంటికి ఉత్తరం వ్రాస్తే, లక్నోలో దిగి వారణాసి కూడా చూసి రమ్మని మా పెద్దవాళ్ళ దగ్గర నుంచి జవాబు వచ్చింది.

ఆ యూపీలో గంగ లేదు గాని సుపీరియర్ సరస్సు ఉంది. చలికాలం మొదట్లో కెనడా వైపు నుంచి వచ్చే పొడి చలిగాలి, ఇంకా వెచ్చదనం పోని ఆ నీటి మీదుగా వస్తూ తేమంతా పీల్చుకుని, ఒడ్డు దాటగానే మంచుగా దులిపేస్తుంది. కీవినా కౌంటీలో 1978-79 చలికాలంలో 390.4 అంగుళాల మంచు కురిసింది. అంటే ముప్పై రెండు అడుగుల పైచిలుకు. మూడంతస్తుల మేడ మునుగుతుంది. నవంబరులో అంత ఉండదు గాని, నవంబరు మంచులో ఒక తంటా ఉంది. గడ్డకట్టే డిగ్రీకి కాస్త అటూ ఇటూగా ఉండడం వల్ల అది తడి మంచు. జనవరి మంచు పిండిలా పొడిగా ఉంటుంది, ఊదితే పోతుంది. నవంబరు మంచు తడిపిన అటుకుల్లా పడిన చోట అంటుకుని, వెంటనే నీరై, కాసేపటికి మళ్ళీ గడ్డకడుతుంది. అద్దానికి దీనికంటె పగవాడు లేడు.

స్కోపు అంటే తెలియని వారికి రెండు మాటలు. తుపాకీ గొట్టం పైన బిగించే చిన్న దుర్భిణి అది. నడిమి గొట్టం అంగుళం లావు, మొత్తం పొడవు పన్నెండు అంగుళాల చిల్లర. ముందు వైపు పెద్ద అద్దం, సాధారణంగా 40 మిల్లీమీటర్లది. వెనుక వైపు కంటి దగ్గర ఇంకో అద్దం. లోపల సన్నని గీతలు రెండు అడ్డంగా నిలువుగా కనిపిస్తాయి. మసక వెలుతురులో మామూలు కంటికి చెట్టు మొద్దు, జింక మెడ ఒకటిగా ఉంటాయి. స్కోపులో చూస్తే కొమ్ము వేరు, కొమ్మ వేరు. ఇక్కడి చట్టం ప్రకారం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు వేటాడవచ్చు. జింకలు తిరిగేది సరిగ్గా ఆ మసక వేళల్లోనే. కాబట్టి స్కోపు అవసరమయ్యే సమయమూ అదే, మంచుకి కళ్ళు మూసుకునే సమయమూ అదే.

నీటిచుక్క ముందు అద్దం మీద పడితే దృశ్యమంతా కాస్త వెలిసిపోయినట్టవుతుంది, అయినా జింక కనిపిస్తుంది. అదే చుక్క వెనుక అద్దం మీద పడితే ఆ మేర గుడ్డే. పైగా వెనుక అద్దానికి మన ఊపిరి కూడా శత్రువు. చలిలో గురి చూస్తూ ఒక్కసారి ముక్కుతో గాలి వదిలితే చాలు, కళ్ళజోడు పెట్టుకుని వేడి సాంబారు గిన్నె మూత తీసినట్టే.

లోపలి తేమ సంగతి కంపెనీల వాళ్ళు చాలాకాలం కిందటే చూసుకున్నారు. ఆరెగాన్ రాష్ట్రంలో మార్కస్ లూపోల్డ్ అనే ఆయన వేటకి పోయినప్పుడు స్కోపు లోపల ఆవిరి పట్టి జింక తప్పిపోయిందట. ఆయనది కొలత పరికరాలు చేసే కుటుంబం. ఆ కోపంలోనే తానే మంచిది చేస్తానని పట్టుబట్టి, గొట్టంలో గాలి తీసేసి పొడి నైట్రోజన్ నింపి, సందులు మూసేసి, 1947లో కొత్త స్కోపు తెచ్చాడు. ఇప్పుడు కాస్త మంచి రకం స్కోపులన్నిటికీ లోపల పొడి వాయువే. కాని నైట్రోజన్ లోపలి అద్దాలని కాపాడుతుంది. బయటి రెండు ముఖాలు ఎప్పుడూ ఆరుబయటే. వాటి సంగతి మనమే చూసుకోవాలి.

బజారులో తొడుగులు దొరకవని కాదు. స్ప్రింగు మూతలు ఉన్నాయి, మీట నొక్కితే టప్పున తెరుచుకుంటాయి. మేము మొదటి ఏడాది అవే కొన్నాం. ఎండలో బాగానే ఉన్నాయి. తడి మంచు పడి, మధ్యాహ్నం చలి పెరిగేసరికి మడతబందు దగ్గర నీరు గడ్డకట్టి, వెనుక మూత ఎంత నొక్కినా కదలలేదు. చివరకు గోటితో పీకితే మూత తెరుచుకోవడం మాట అటుంచి మీట ఊడి చేతికి వచ్చింది. ఆ చప్పుడుకి పక్కనున్న ఉడత కూడా పారిపోయింది, జింకల మాట చెప్పేదేముంది!

మాకు వేట నేర్పింది మా ప్రక్కింటి పెద్దాయన. ముప్పై ఏళ్ళకు పైగా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన మా మూత చూసి నవ్వి, తన తుపాకీ తెచ్చి చూపించాడు. స్కోపుకి ముందు నుంచి వెనుక వరకు నల్లటి రబ్బరు పట్టీ ఒకటి చుట్టి ఉంది. "ఇది మా నాన్న చేసుకున్న పద్ధతి. లారీ ట్యూబు ముక్క. మడతబందు లేదు, స్ప్రింగు లేదు. గడ్డకట్టడానికి దీన్లో ఏముంది?" అన్నాడు.

ట్యూబు పేరు వినగానే మాకు పుట్టింటి వాళ్ళు కనపడినట్టయింది. మన వైపు పుట్టి పెరిగినవాడికి ట్యూబు రబ్బరుతో చేయలేని పని ఉందా! సైకిలు క్యారియరు మీద సామాను కట్టేది ట్యూబుతోనే. క్యాటర్‌బాల్‌కి రబ్బరు ట్యూబుదే. కారే గొట్టానికి చుట్టే పట్టీ ట్యూబుదే. గాలి కొట్టిన లారీ ట్యూబు నడుముకి వేసుకుని చెరువులో ఈత నేర్చుకున్న వాళ్ళు మన సంఘంలో సగం మంది ఉంటారు. ఇన్ని వేల మైళ్ళు వచ్చి, ఇంత ఖరీదు పెట్టి దుర్భిణి కొంటే, దానికి చివరకు గొడుగు పట్టింది మన లారీ ట్యూబే!

ఇక చేసే పద్ధతి. శ్రద్ధగా చదవండి.

ముందు ట్యూబు సంపాదించాలి. ఇప్పుడు చాలా చక్రాలకి లోపల ట్యూబే ఉండదు కాబట్టి టైర్ల కొట్లో దొరక్కపోవచ్చు. పిల్లలు మంచుగుట్టల మీద జారడానికి కొనే పెద్ద ట్యూబులు ఉంటాయి గదా, అవి చిరిగినప్పుడు పారెయ్యకండి. మాది అలా వచ్చిందే. ట్రాక్టర్లు బాగుచేసే చోట అడిగినా ఇస్తారు. నేల మీద బల్లపరుపుగా పరిచినప్పుడు అడ్డం సుమారు పదకొండు అంగుళాలు ఉన్న ట్యూబు కావాలి. దాన్ని అరటికాయ చక్రాలు కోసినట్టు అడ్డంగా కోస్తే, పొడుగాటి రబ్బరు గాజు ఒకటి వస్తుంది. ఆ గాజు వెడల్పు రెండున్నర అంగుళాలు ఉంచాలి. ట్యూబుకి అచ్చులో పోసినప్పటి అతుకు గీత ఒకటి ఉంటుంది. అది మన ముక్కలో పడకుండా చూసుకోవాలి, లాగినప్పుడు అక్కడే తెగుతుంది. కత్తెరని సబ్బునీళ్ళలో ముంచి కోస్తే రబ్బరు పట్టుకోకుండా సాఫీగా తెగుతుంది. అంచులో చిన్న గాటు మిగిలినా అది ముందు ముందు చీలిక అవుతుంది, కాబట్టి అంచు నునుపుగా ఉండాలి.

కొలత ఎందుకంటే, పన్నెండున్నర అంగుళాల స్కోపు చుట్టూ దారం పెట్టి కొలిస్తే ఇరవై ఎనిమిది అంగుళాలు దాటుతుంది. గాజు చుట్టుకొలత ఇరవై రెండు. అంటే ప్రతి నాలుగు అంగుళాలు ఐదు పైచిలుకు అవుతాయి. అంత సాగితే బిగువుగా కూర్చుంటుంది, తీసేటప్పుడు ఇట్టే వచ్చేస్తుంది. మరీ చిన్న ట్యూబు అయితే తీయడానికి రెండు చేతులు కావాలి, అప్పుడు తుపాకీ ఎవరు పట్టుకుంటారు? మరీ పెద్దది అయితే నడుస్తుంటే జారిపోతుంది. మీ స్కోపు పొడవుని బట్టి ఈ లెక్క చూసుకోండి.

తరువాత గాజుని సబ్బుతో రెండు మూడు సార్లు కడగాలి. ట్యూబు లోపల తెల్లటి టాల్కు పొడి ఉంటుంది. అది అద్దం మీద పడితే పౌడరు పూసిన ముఖంలా తయారవుతుంది. అద్దాలకి పైన వెలుతురు మెరుపు కొట్టకుండా సన్నని పూత ఉంటుంది. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో స్మకులా అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన విద్య అది. మసక వేళ అద్దం చూపించేదంతా ఆ పూత చలవే. దాన్ని పొడితో రుద్దకూడదు.

ఆరిన తరువాత గాజుని స్కోపు చుట్టూ పడుకోబెట్టి వేయాలి. ఒక కొస ముందు అద్దాన్ని కప్పాలి, ఇంకో కొస వెనుక అద్దాన్ని కప్పాలి, మధ్య భాగాలు ఎడమా కుడీ పక్కల నుంచి పోవాలి. స్కోపు కింద బిగింపులు ఉంటాయి గనుక పైకీ కిందకీ వేస్తే కుదరదు. అద్దాలు రెండూ తమ అంచుకన్న కొంచెం లోపలికి ఉంటాయి. అందుచేత రబ్బరు అంచు మీదే ఆనుతుంది, అద్దాన్ని తాకదు. తాకుతోందంటే అంచు చుట్టూ సన్నని రబ్బరు వలయం ఒకటి అంటించుకోండి. పక్కల నుంచి పోయే భాగాన్ని సుద్దతో గుర్తు పెట్టుకుని, ముప్పావు అంగుళం వెడల్పుకి తగ్గించి కోసేయాలి. కొసల దగ్గర ఒక్కసారిగా కాకుండా వాలుగా తగ్గించాలి, మూల దగ్గర చీలకుండా. ఇలా సన్నం చేస్తే సర్దుబాటు మరలకీ, తుపాకీ పిడికీ అడ్డం రాదు.

ఇక మా సొంత చేర్పు ఒకటి. వెనుక కొస మీద రెండు అంగుళాల రబ్బరు నాలుక ఒకటి కుట్టాం. చేతి తొడుగు ఉన్నా సరే, బొటనవేలితో ఆ నాలుక లాగితే వెనుక భాగం ఊడి, మొత్తం గాజు తన బిగువుతో తానే ముందుకి జారి కింద పడుతుంది. చప్పుడు లేదు. దానికి ఒక జానెడు నూలుతాడు కట్టి, ఇంకో కొస స్కోపు ముందరి బిగింపుకి ముడివేస్తే అడవిలో పారేసుకోము. తాడు పొట్టిగా ఉండాలి, ట్రిగ్గరు దాకా వేళ్ళాడకూడదు. కుట్టడానికి మామూలు దారం పనికిరాదు. చెప్పులు కుట్టే మైనం దారం వాడాం. మా ఇంట్లో దారం కన్న సూదులే ఎక్కువ విరిగాయి.

తొడుగు తీసిన తరువాత కూడా మంచు పడుతూనే ఉంటుంది గదా అని అడుగుతారు. అందుకే రెండో సరంజామా. మందుల సీసాలు, గుండ్రటి ప్లాస్టిక్కువి, ఎవరింట్లో లేవు! ముందు అద్దం గొట్టానికి సరిపడే లావుది చూసుకుని, అడుగు కోసేసి, మూడు అంగుళాల గొట్టంలా చేయాలి. లోపల మెరుపు లేని నల్లరంగు వేయాలి. సైకిలు ట్యూబు ముక్క ఒకటి సగం సీసా మీద, సగం స్కోపు మీద వచ్చేలా తొడిగితే రెండూ కలిసిపోతాయి. మన పల్లెల్లో వానలో గోనెసంచి మడిచి నెత్తిన టోపీలా వేసుకుంటారు చూడండి, ముఖం తెరిచే ఉన్నా చినుకు పడదు, ఇదీ అంతే. గొట్టం నోటిని మాత్రం గాలికి ఎదురుగా పెట్టి కూర్చోకండి. ట్యూబు గాజు పొడవు కొలిచేటప్పుడు ఈ గొట్టాన్ని కూడా లెక్కలో వేసుకోవడం మరవద్దు. మూడు అంగుళాలు పెరిగితే ట్యూబు అడ్డం కూడా రెండు అంగుళాల పైచిలుకు పెద్దది కావాలి.

తుపాకీ నోటికి కూడా చిన్న రక్ష కావాలి. మంచులో జారిపడితే గొట్టంలో మంచు దూరుతుంది. ఆ పళంగా కాలిస్తే గొట్టం పగిలే ప్రమాదం ఉంది. కరెంటు వైర్లకి చుట్టే నల్ల టేపు ఒక పొర గొట్టం మూతి మీద అంటిస్తే చాలు. కాల్చినప్పుడు గుండు కన్న ముందు వచ్చే గాలికే అది చిరిగిపోతుంది, గురి చెడదు. కిందపడితే మాత్రం టేపుని నమ్మకుండా, తూటాలన్నీ తీసేసి, వెనుక నుంచి గొట్టంలోకి చూసి, శుభ్రంగా ఉందని తేలాకే ముందుకి కదలాలి.

ఇంత చేసినా ఇంటికొచ్చి పాడుచేసుకునే వాళ్ళు ఉన్నారు. రోజంతా చలిలో ఉన్న తుపాకీని తిన్నగా పొయ్యి పక్కకి తెస్తారు. డెబ్బై డిగ్రీల గదిలో గాలి తేమ నలభై శాతం ఉంటే, నలభై ఐదు డిగ్రీల కంటె చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. ఆ తడితో మళ్ళీ తెల్లవారుజామున బయటికి తీసుకుపోతే అద్దం మీద మంచుబిళ్ళ. కాబట్టి తుపాకీ రాత్రంతా చల్లటి గదిలోనే పెట్టెలో తాళం వేసి ఉండాలి. లోపలికి తేక తప్పకపోతే బయటే పెట్టెలో పెట్టి మూసి, తెచ్చాక రెండు మూడు గంటలు మూత తీయకూడదు. తూటాలు వేరే చోట. మిషిగన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి, పిల్లలు ఉండే లేక వచ్చే ఇంట్లో తుపాకీకి తాళం చట్టప్రకారం తప్పనిసరి. చట్టం లేకపోయినా తప్పనిసరే అనుకోండి.

తుడవడానికి జేబులో చిన్న ప్లాస్టిక్ సంచిలో పాత పంచె ముక్క ఒకటి పెట్టుకుంటాం. వందసార్లు ఉతికిన మన నేత పంచెకి సాటి వచ్చే మెత్తని గుడ్డ ఈ దేశంలో మాకు దొరకలేదు. అయితే ముందు ఊది, ఇసుక దులిపి, తరువాతే తుడవాలి. నోటితో కాదు, రబ్బరు బుడ్డితో ఊదాలి. నోటితో ఊదితే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇదంతా చదివి, "ఒక అద్దం పొడిగా ఉండడానికి ఇంత హంగామానా, కనపడకపోతే మానేసి ఇంటికి రండి" అంటారేమో. నిజమే, కనపడకపోతే మానేయడమే ధర్మం. కాని మసక అద్దంలో పూర్తిగా కనపడకపోవడం అని ఉండదు. సగం కనపడుతుంది. ఆ సగంతోనే ప్రమాదం. సగం కనిపించిన జింకకి గుండు గుండె దగ్గర తగలక కడుపులో తగిలితే, అది పరుగెత్తి పోయి ఏ దేవదారు చిత్తడిలోనో గంటల కొద్దీ బాధపడి చస్తుంది. మా పెద్దాయన మొదటి రోజు చెప్పిన మాట ఇదే: "జింకకి నువ్వు బాకీ ఉన్నది ఒక్క శుభ్రమైన దెబ్బ. అది ఇవ్వలేనప్పుడు తుపాకీ ఎత్తకు." గుడ్డు కూడా ముట్టని మాలోని ఒకరు ఆ మాట విన్న తరువాతే అడవికి వెంట రావడానికి ఒప్పుకున్నది.

మూడో ఏడాది జరిగిన సంగతి చెబుతాం. సాయంత్రం, ఇంకా ఇరవై నిమిషాల వేళ మిగిలి ఉంది. పొద్దుటి నుంచీ తడి మంచు ఆగలేదు. చేతి దుర్భిణి తుడిచీ తుడిచీ చెరిగిన పలకలా ఉంది. ఎనభై గజాల దూరంలో దేవదార్ల అంచున కొమ్ముల జింక ఒకటి వచ్చి నిలబడింది. చేతి దుర్భిణిలో గోధుమ రంగు జింక, వెనుక తెలుపు, నలుపు, అంతే. తుపాకీ ఎత్తి, నాలుక లాగితే తొడుగు జారిపోయింది. అద్దం కడిగిన ముత్యంలా ఉంది. జింక వెంట్రుక మీద మంచుపొడి కూడా లెక్కపెట్టవచ్చు. దాని భుజం వెనుక, దూరంగా రెండు మానుల నడుమ, గోరంత నారింజ రంగు.

వేలు ట్రిగ్గరు దగ్గరకి పోకముందే తుపాకీ మూతి నేలకి దిగింది. జింక మమ్మల్ని చూసిందో, వాళ్ళని విన్నదో, తోక తెల్లగా ఎత్తి ఒక్క గెంతులో మాయమైంది. పది నిమిషాలకి ఆ చెట్లలోంచి ఒక మనిషీ, పదమూడు పద్నాలుగేళ్ళ కుర్రాడూ వచ్చారు. మంచులో దారి తప్పినట్టున్నారు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపి, రోడ్డు ఎటు అని అడిగారు. చూపించాం. వాళ్ళు వెళ్ళిన తరువాత మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ట్యూబు ముక్క ప్రాణాలు కాపాడిందని కోతలు కోయం. జింక వెనుక ఏముందో రూఢి అయితే తప్ప కాల్చకూడదన్నది ఇక్కడ ప్రతి వేటగాడికి మొదటి పాఠం. జింక కళ్ళు ఎరుపు నారింజ రంగులని మనలా పట్టుకోలేవు గనుక, వేటగాళ్ళు ఒకరికొకరు కనపడడం కోసం నారింజ రంగు టోపీ గాని చొక్కా గాని తొడగాలని చట్టం పెట్టారు. వాళ్ళు చట్టం ప్రకారం తొడుక్కున్నారు, మేము పాఠం ప్రకారం చూశాం. కాని ఆ రంగు మా కంటి దాకా రావడానికి మధ్యలో ఒక పొడి అద్దం కావలసి వచ్చింది. సంగతి విని మా పెద్దాయన ఏమీ అనలేదు. మరునాడు వచ్చి, ట్యూబులోంచి ఇంకో ముక్క కోసిపెట్టమని అడిగి, తన చేతి దుర్భిణికి తొడుగు కుట్టించుకుపోయాడు. మేమూ మా దానికి అప్పుడే కుట్టుకున్నాం.

మనవాళ్ళకి వేట అంటే ఏవగింపు ఉండడం సహజమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 నాటి సవరణ వచ్చాక అది మంచి పనే అయింది. అక్కడ అడవీ తక్కువ, మృగాలూ తక్కువ. ఇక్కడి తెల్లతోక జింకల సంగతి వేరు. వాటిని తినే తోడేళ్ళు చాలాచోట్ల లేవు. పంటలు మేస్తాయి, రోడ్ల మీద కార్లకి అడ్డం పడతాయి. ఎన్ని చంపవచ్చో ప్రభుత్వమే లెక్క కట్టి లైసెన్సులు ఇస్తుంది. అయినా ఒకటి గమనించారా? మన భాషలో వేట అంటే అడవిలో తరమడమూ అవును, పండగ పూట కోసే మేకా అవును. వేట మాంసం కొనుక్కుని తినేవాళ్ళు ఆ మేక కళ్ళలోకి చూసి ఉండరు. మేము చూస్తాం, అదీ శుభ్రమైన అద్దంలోంచి. ఎవరు నయమో తేల్చే పని పాఠకులకే వదిలేస్తున్నాం. మాలో ఒకరు ఇప్పటికీ ఆ మాంసం ముట్టరు. ఇంకొకరు మిరియాల పొడి దట్టించి వండుకుంటారు. ఇద్దరికీ ఒకే పొయ్యి, రెండు గిన్నెలు.

కొత్తగా మొదలుపెట్టే వారికి చివరి మాటలు. మిషిగన్‌లో 1960 జనవరి 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన వారికి వేట భద్రత తరగతి తప్పదు. ఆ ముందు పుట్టినవారు కూడా వెళ్ళి కూర్చుంటే పోయేది లేదు. ఉద్యోగం వీసాల మీదో, చదువు వీసాల మీదో ఉన్నవారికి ఈ దేశంలో తుపాకీ పట్టడం మామూలుగా నిషిద్ధం. వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది గాని, ముందుగా తెలిసిన లాయరుని అడిగి గాని ముట్టుకోవద్దు. తొడుగు కుట్టాక ఇంట్లో ఖాళీ తుపాకీ మీద యాభై సార్లు వేసి, తీసి అలవాటు చేసుకోండి. అడవిలో ఒక్కసారే అవకాశం వస్తుంది. రబ్బరు రెండేళ్ళకి పగుళ్ళిస్తుంది, అక్టోబరులో లాగి చూసుకుని అవసరమైతే కొత్తది కోసుకోండి.

మా దగ్గర ఇంకా ముప్పాతిక ట్యూబు మిగిలి ఉంది. కావలసిన వారు వచ్చే నెల సమావేశంలో మీ స్కోపు పొడవు కొలిచి చీటీ మీద వ్రాసి ఇవ్వండి, ముక్క కోసి ఇస్తాం. కుట్టుకోవడం మాత్రం మీ వంతు. సూదులు మీవి మీరు తెచ్చుకోవాలి.